ఊపిరితిత్తులకు అల్ట్రాసౌండ్ చేస్తారా? మర్నాడు ఎక్స్‌రే బాగుంటే ఆ స్కాన్ తప్పయినట్టా?

ప్రశ్న గాజువాక నుంచి వచ్చింది. అడిగినవారి నాన్నగారికి అరవై దాటాయి, బీపీ, షుగర్ ఉన్నాయి. రాత్రి రెండింటికి ఊపిరాడక లేచి కూర్చున్నారు. దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే క్యాజువాలిటీలో డాక్టరు ఎక్స్‌రేకి పంపలేదు. మంచం దగ్గరే ఛాతీకి జెల్ రాసి, ఫోన్‌కు తగిలించిన చిన్న ప్రోబ్‌తో అటూ ఇటూ చూసి, 'ఊపిరితిత్తుల్లో నీరు చేరింది' అని ఇంజెక్షన్లు ఇచ్చారు. తెల్లారేసరికి తగ్గింది. పది గంటలకు ఎక్స్‌రే తీస్తే పెద్దగా ఏమీ లేదన్నారు. ఇంట్లో బావగారేమో 'అల్ట్రాసౌండ్ కడుపుకి తీసేది, ఊపిరితిత్తులకెక్కడైనా తీస్తారా, అంతా బిల్లు కోసం' అన్నారట. ఆ స్కాన్‌ను నమ్మొచ్చా, సీటీ తీయించాలా, అలాంటి చిన్న మెషీన్ ఒకటి కొని ఇంట్లో పెట్టుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు సూటిగా చెప్తాను. నమ్మొచ్చు. మీరు చెప్పినదాన్నిబట్టి ఆ డాక్టరు చేసింది సరైన పనే. పొద్దున ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన రాత్రి స్కాన్ తప్పయిపోదు, రాత్రి ఇచ్చిన మందు పనిచేసిందనుకోవడానికే ఎక్కువ ఆస్కారం ఉంది. సీటీకి ఇప్పుడే తొందరలేదు. ఎకో, అంటే గుండె స్కాన్, మాత్రం ఈ వారంలోనే చేయించండి. మెషీన్ సంగతి చివర్లో చెప్తాను.

నేను విశాఖలో ఛాతీ వైద్యుణ్ణి. ఐసీయూ, క్యాజువాలిటీ కాల్స్ ఎక్కువగా చూస్తాను. ఆయాసంతో వచ్చిన మనిషి దగ్గర స్టెతస్కోపు పెట్టాక నేను తీసేది ప్రోబే. అయితే మీ నాన్నగారి కాగితాలు నేను చూడలేదు, కాబట్టి ఆయన విషయంలో తుది మాట ఆయన్ని చూస్తున్న డాక్టరుదే.

మీ బావగారి అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. మేం చదువుకునే రోజుల్లో పుస్తకాల్లో కూడా అలాగే ఉండేది. అల్ట్రాసౌండ్ తరంగాలు గాలిలోంచి పోలేవు, ఊపిరితిత్తి నిండా ఉండేది గాలే, కాబట్టి అక్కడ స్కాన్ దండగ అన్నది లెక్క. ఫ్రాన్స్‌లో ఐసీయూ వైద్యుడు డానియెల్ లిక్టెన్‌స్టైన్ దీన్ని వేరే వైపు నుంచి చూశారు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి కనిపించకపోయినా, దాని మీది పొర కనిపిస్తుంది. ఆ పొర దగ్గర తరంగాలు వెనక్కి కొట్టి తెరమీద కొన్ని గీతలు తెస్తాయి. లోపల గాలి ఉంటే ఒక రకం గీతలు, గాలి తగ్గి తడి చేరితే ఇంకో రకం. ఆయన 2008లో 'చెస్ట్' పత్రికలో 260 మంది ఆయాసం రోగుల మీద చేసిన పరిశీలన ప్రచురించారు. ఈ స్కాన్ ఆధారంగా 90.5 శాతం మందిలో ఆయాసానికి కారణం సరిగ్గా తేలింది. ఆ పద్ధతికే బ్లూ ప్రోటోకాల్ అని పేరు. 2012లో అంతర్జాతీయ నిపుణుల బృందం దీనికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అంటే క్యాజువాలిటీ డాక్టరు ఆ రాత్రి సొంతంగా కనిపెట్టిందేమీ లేదు.

తెరమీద కనిపించేది ఇదీ. రెండు పక్కటెముకల నీడలు నల్లగా ఉంటాయి. వాటి మధ్య, ఎముక అంచు నుంచి అర సెంటీమీటరు కిందుగా, తెల్లటి గీత ఒకటి మెరుస్తుంది. అదే ఊపిరితిత్తి పొర. రోగి ఊపిరి తీసినప్పుడల్లా ఆ గీత చీమల బారులా అటూ ఇటూ కదులుతుంది. ఆ కదలిక కనిపిస్తే ప్రోబ్ పెట్టినచోట పొరల మధ్య గాలి చేరలేదని చెప్పొచ్చు. గీత కింద సమాన దూరాల్లో అడ్డంగా సన్నని గీతలు వస్తే వాటిని ఎ-లైన్లంటాం. లోపల గాలి మామూలుగానే ఉందని వాటి అర్థం. అలా కాకుండా పొర దగ్గర మొదలై తెర అడుగుదాకా, ఎక్కడా వెలుగు తగ్గకుండా, ఊపిరితో పాటు ఊగుతూ నిలువు చారలు దిగితే అవి బి-లైన్లు. అవి వచ్చినచోట ఎ-లైన్లు చెరిగిపోతాయి. పక్కల కింది భాగంలో ఒకటీ అరా ఉంటే పట్టించుకోం. ఒకే సందులో మూడూ అంతకంటే ఎక్కువ, అదీ రెండు పక్కలా పలుచోట్ల ఉంటే, ఊపిరితిత్తి తడిసిందన్న అనుమానం గట్టిపడుతుంది. రెండు పక్కలా ముందు, పక్క, వెనక కింది భాగం చూడటానికి చేయి తిరిగినవాళ్లకి మూడు నాలుగు నిమిషాలు చాలు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. కూర్చుంటే తప్ప ఊపిరాడని మనిషిని ట్రాలీ మీద పడుకోబెట్టి, ఆక్సిజన్ సిలిండర్ పక్కన పెట్టుకుని, ఎక్స్‌రే గదిదాకా తోసుకెళ్లడమే ఒక టెన్షన్. మంచం దగ్గరికే ఎక్స్‌రే మెషీన్ తెచ్చినా, సగం పడుకుని, గట్టిగా ఊపిరి పట్టలేని మనిషికి తీసిన ఫిల్ము మసగ్గానే వస్తుంది. ఆ లోపల డాక్టరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. గుండె తట్టుకోలేక నీరు చేరిందా, లేక గొట్టాలు ముడుచుకుపోయి ఆస్తమాలాంటిది వచ్చిందా? స్టెతస్కోపుకి రెండిట్లోనూ పిల్లికూతలు వినిపించవచ్చు. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. నీరైతే మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే లాసిక్స్, బీపీ దించే మందు, మాస్క్‌తో ఒత్తిడి గాలి. గొట్టాలు ముడుచుకుపోతే నెబ్యులైజర్, స్టెరాయిడ్. మీ నాన్నగారి విషయంలో ఆ నిర్ణయం నిమిషాల్లో జరిగింది, అది తెల్లారేసరికి ఫలించింది.

మరి ఎక్స్‌రే ఎందుకు బాగుంది? లాసిక్స్ నరానికి ఇస్తే నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. బీపీ ఒక్కసారిగా పెరిగి చేరిన నీరైతే, బీపీ దించగానే గంటల్లో దిగిపోవచ్చు. మీ ఎక్స్‌రే తీసింది ఎనిమిది గంటల తర్వాత. ఇంకో సంగతి, గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి మొదటి ఎక్స్‌రేలోనే నీటి ఛాయలు కనిపించవని అమెరికాలో ఒక పెద్ద రిజిస్ట్రీలో తేలింది. ఎక్స్‌రేని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. రోజూ తీయిస్తాను. దాని టైము వేరు, దాని పని వేరు.

నీరు రెండు చోట్ల చేరుతుంది, ఇది తెలుసుకోవడం ముఖ్యం. ఒకటి ఊపిరితిత్తి లోపల, స్పాంజిలాంటి కండలో చేరేది. మీ నాన్నగారికి చేరింది బహుశా అదే. దాన్ని సూదితో తీయడం కుదరదు, మందుతో మూత్రంలో పంపాలి. లేదంటే డయాలసిస్. రెండోది ఊపిరితిత్తి బయట, పొరల మధ్య చేరేది. దాన్ని సూదితో తీయొచ్చు. బంధువులు వార్డు గుమ్మంలో పట్టుకుని 'ఆ నీరేదో తీసేయండి డాక్టరుగారూ' అంటుంటారు. లోపలి నీటికి ఆ మాట చెల్లదని చెప్పేసరికి, డాక్టరుకి చేతకాలేదేమో అన్నట్టు చూస్తారు. స్కాన్‌లో ఈ రెండూ చాలా తేలిగ్గా విడిపోతాయి. బయటి నీరు ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం పైన నల్లటి ఖాళీలా కనిపిస్తుంది, అందులో ఊపిరితిత్తి అంచు ఊగుతుంటుంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో సుమారు 200 మిల్లీలీటర్లు ఉంటేగానీ స్పష్టంగా తెలియదు. స్కాన్‌కి అందులో కొంతే చాలు.

ఆటోనగర్‌లో పనిచేసే ఒక కుర్రాడు వచ్చాడు. రెండు వారాలుగా సాయంత్రాలు జ్వరం, కుడిపక్క నొప్పి, మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రేలో కుడి అడుగు తెల్లగా ఉంది. అది నీరా, నిమోనియా ముద్దా అన్నది ఎక్స్‌రే చెప్పలేదు. ప్రోబ్ పెడితే నీరే, పైగా దాన్నిండా సన్నని దారాలు అల్లుకుని ఉన్నాయి. ఈ దారాలు సీటీలో కన్నా అల్ట్రాసౌండ్‌లోనే బాగా కనిపిస్తాయి. వీపు మీద చేత్తో తట్టి, 'ఇక్కడ మందంగా ఉంది, ఇక్కడ గుచ్చుదాం' అనే పాత పద్ధతిలో పోతే సూది ఆ దారాల మధ్య ఖాళీ గదిలోకి పోయి చుక్క రాకపోయేది. స్కాన్‌లో పెద్ద గది ఎక్కడుందో చూసి, పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడ గుచ్చాం. గడ్డి రంగు నీరు వచ్చింది. టీబీని సూచించే ఏడీఏ ఆ నీటిలో ఎక్కువ ఉంది, టీబీ మందులు మొదలుపెట్టాం. నీరు తీసేముందు స్కాన్ చేయని చోట ఎందుకు చేయరని మీరే అడగొచ్చు, తప్పులేదు.

డయాలసిస్ వాళ్లకి ఈ స్కాన్ చేసే మేలు ఇంకా ఎక్కువ. ఉద్దానం వైపు నుంచి కిడ్నీ రోగులు విశాఖ వస్తుంటారని మన ప్రాంతంలో అందరికీ తెలుసు. ఒకాయన ఊళ్లో పెళ్లని ఒక డయాలసిస్ మానేశారు. ఆయాసం మొదలైతే దారిలో ఎవరో ఆస్తమా అనుకుని నెబ్యులైజర్ పెట్టారు, తగ్గలేదు. మా దగ్గరికి వచ్చేసరికి పొడి పొడి మాటలే. ప్రోబ్ పెట్టబోతే అంత ఆయాసంలోనూ వాళ్లావిడ వంక చూసి 'కడుపుకి తీసే స్కానింగు గుండెలకి తీస్తన్నారేటి?' అన్నారు. ఎక్కడ పెట్టినా బి-లైన్లే, తెర దాదాపు తెల్లబడిపోయింది. నెబ్యులైజర్ ఆపి డయాలసిస్‌కి పంపాం. అయ్యాక మళ్లీ అవే చోట్ల చూస్తే ముందువైపు చారలు పోయి ఎ-లైన్లు వచ్చాయి. ఇలా మళ్లీ మళ్లీ చూసుకోగలగడమే దీనిలో నాకు నచ్చే గుణం. రేడియేషన్ లేదు కాబట్టి గంటకోసారి చూసినా రోగికి నష్టం లేదు. గర్భిణులకు కూడా అందుకే ముందు ఇది వాడతాం.

తెర మామూలుగా ఉండటం కూడా ఒక సమాధానమే. భీమిలి వైపు నుంచి చుట్ట తాగే ఒక పెద్దావిడ వచ్చింది. అదీ అడ్డపొగ, నిప్పు నోటి లోపలికి పెట్టుకుని. కాళ్లు కొంచెం వాచాయి, అందుకని ఇంట్లో అందరూ గుండె జబ్బే అన్నారు. స్కాన్‌లో అన్నిచోట్లా ఎ-లైన్లు, పొర చక్కగా కదులుతోంది. నీరు లేదు. కాబట్టి గొట్టాల జబ్బు, అంటే సీఓపీడీ, అన్న దారిలో వెళ్లాం. నెబ్యులైజర్, తక్కువ ఆక్సిజన్, మాస్క్ వెంటిలేషన్‌తో కోలుకుంది. చుట్ట మానిందా అంటే, అది వేరే సంగతి.

ఇప్పుడు రెండో వైపు. దీన్ని నెత్తిన పెట్టుకునే డాక్టర్లూ ఉన్నారు, వాళ్లతోనూ నాకు పేచీ ఉంది.

బి-లైన్లు కనిపించిన ప్రతిసారీ గుండె నీరు కాదు. నిమోనియాలో వస్తాయి, ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే ఏఆర్‌డీఎస్‌లో వస్తాయి, కోవిడ్‌లో వచ్చాయి, ఊపిరితిత్తి గట్టిపడే ఐఎల్‌డీ జబ్బులో వస్తాయి. కీళ్లవాతం ఉన్న ఒకావిడ వేరే చోట చాలాకాలం లాసిక్స్ మింగి నా దగ్గరికి వచ్చింది. స్కాన్‌లో రెండు పక్కలా బి-లైన్లున్న మాట నిజమే. కానీ పొర గీత నున్నగా లేదు, గరుకుగా, అక్కడక్కడా తెగినట్టుంది. వీపు అడుగున స్టెతస్కోపు పెడితే వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు శబ్దం. గుండె ఎకో బాగుంది. లాసిక్స్ వేసినా చారలు ఒక్కటీ తగ్గలేదు, ఆ మాత్రం ఎవరైనా గమనించాల్సింది. ఆమెకి కావాల్సింది హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తిని సన్నని ముక్కలుగా వివరంగా చూపే సీటీ. తీస్తే కీళ్లవాతంతో వచ్చే ఐఎల్‌డీ అని తేలింది. గుండె నీటిలో సాధారణంగా పొర నున్నగా ఉంటుంది, రెండు పక్కలా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, మందుకి తగ్గుతుంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆగి ఆలోచించాలి.

పొర కదలడం లేదంటే పొరల మధ్య గాలి చేరిందని వెంటనే ఆ గాలి తీసే ట్యూబు ఛాతీలోకి వేయకూడదు. మన దేశంలో పాత టీబీ ఎందరికి ఉందో చెప్పక్కర్లేదు. ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ వల్ల పొరలు అతుక్కుపోతే కదలిక ఉండదు. సీఓపీడీ వాళ్లలో పెద్ద గాలిబుడగలు, మేం బుల్లా అంటాం, ఉన్నచోట కూడా కదలిక కనిపించకపోవచ్చు. బుల్లాలోకి ట్యూబు దించితే లేని కష్టం తెచ్చిపెట్టినట్టే. గాలి చేరిన పొర, మామూలు పొర కలిసే అంచుని లంగ్ పాయింట్ అంటారు. అది కనిపిస్తే నమ్మకం బాగా పెరుగుతుంది. అది దొరక్కపోతే, రోగి నిలకడగా ఉంటే, ఎక్స్‌రేనో సీటీనో చూశాకే ట్యూబు. ప్రమాదంలో దెబ్బ తగిలి పడుకుని ఉన్నవాళ్లలో మాత్రం స్కాన్‌దే పైచేయి. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో పొరల మధ్య గాలి దాదాపు సగం మందిలో తెలియకుండా పోతుంది.

ఇంకో ప్రమాదం, తెర బాగుండి మనిషి బాగాలేకపోవడం. ఆక్సిజన్ పడిపోతోంది, స్కాన్‌లో అన్నీ ఎ-లైన్లే, పిల్లికూతలు లేవు, అంటే ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందేమో చూడాలి. అదే ప్రోబ్‌ని తొడ దగ్గర, మోకాలి వెనక పెట్టి కాలి సిరల్లో గడ్డ ఉందేమో చూస్తాం. ఉంటే అనుమానం బలపడుతుంది. లేకపోయినా వదలకుండా రక్తనాళాలను చూపే సీటీ యాంజియో.

ఊపిరితిత్తి మధ్యలో ఉన్నది, చుట్టూ గాలి ఉన్నది ఈ స్కాన్‌కి అందదు. లోపలి గడ్డ, కేన్సర్, కొన్ని టీబీ మచ్చలు దీనికి కనిపించవు. అందుకని చెకప్‌లో భాగంగా 'లంగ్ స్కాన్ కూడా చేయించేద్దాం' అనకండి. ఆయాసంతో వచ్చిన మనిషికి, ఒక ప్రశ్న పెట్టుకుని చేసినప్పుడే దీనికి విలువ. బాగా లావుగా ఉన్నవాళ్లలో, చర్మం కింద గాలి చేరినవాళ్లలో తెర ఏమీ చెప్పదు. చేసే చేతినిబట్టి ఫలితం మారుతుందన్నది సరేసరి.

సీటీ గురించి. కోవిడ్ రోజుల్లో 'స్కోరు 25కి ఎంత?' అని ఫోన్లు వచ్చేవి, మార్కుల జాబితాలాగా. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఒక ఛాతీ సీటీలో రేడియేషన్ ఒక ఎక్స్‌రేతో పోలిస్తే పదుల రెట్లు. మీ నాన్నగారికి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, కఫంలో రక్తం లేవు, ఆయాసం తగ్గింది, ఎక్స్‌రే బాగుంది. ఇప్పుడు సీటీ తీస్తే తెలిసేది తక్కువ. మందులు వాడుతున్నా ఆయాసం మిగిలితే, లేదా మళ్లీ స్కాన్ చేసినప్పుడు చారలు అలాగే ఉంటే, అప్పుడు హెచ్‌ఆర్‌సీటీ అడగండి.

అసలు మీరు వెతకాల్సింది నీరు ఎందుకు చేరిందన్నది. ఈసీజీ, ఎకో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, హిమోగ్లోబిన్ కావాలి. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు నొప్పి లేకుండా ఆయాసంతోనే రావచ్చు, కాబట్టి ఆ రాత్రి గుండెపోటుని పట్టే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేశారేమో డిశ్చార్జి కాగితంలో చూడండి. బీపీ మాత్ర మధ్యలో మానేశారా అని నెమ్మదిగా అడగండి, పెద్దవాళ్లు అడక్కపోతే చెప్పరు. ఉప్పు తగ్గించాలి, మన వైపు ఇళ్లలో అంటే ఆవకాయతో పాటు ఎండు చేపలు కూడా. రోజూ పొద్దున్నే, ఒకే టైముకి బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, ఒక దిండు చాలే మనిషి రెండు మూడు దిండ్లు అడుగుతున్నా ఆగకుండా డాక్టరుని కలవండి. పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే, పెదాలు నీలంగా మారితే 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు.

బిల్లులో స్కాన్ పేరు ఉంది కాబట్టి రిపోర్టు అడిగే హక్కు మీకుంది. ఎక్కడెక్కడ చూశారు, ఏం కనిపించింది అన్నది రెండు లైన్లలోనైనా రాసి ఉండాలి. వీలైతే క్లిప్ దాచమని అడగండి, రేపు ఇంకో డాక్టరు పోల్చి చూడటానికి పనికొస్తుంది.

ఇక ఇంట్లో మెషీన్. ఫోన్‌కు తగిలించే ప్రోబ్ అయినా చట్టం దృష్టిలో అది అల్ట్రాసౌండ్ మెషీనే. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద అది రిజిస్టర్ కావాలి. చేతిలో పట్టుకెళ్లగలిగే మెషీన్‌ని రిజిస్టరైన ఆవరణలో, అక్కడ చేరిన రోగులకు వాడాలి, లేదంటే ఇతర వైద్య సేవలూ అందించే మొబైల్ మెడికల్ యూనిట్‌లో భాగంగా వాడాలి. అందుకే 'ఒక్కసారి ఇంటికొచ్చి చూసి వెళ్లండి' అని ఎంత తెలిసినవాళ్లు అడిగినా ప్రోబ్ జేబులో వేసుకుని నేను రాలేను. ఆ డబ్బుతో ఒక మంచి బీపీ మెషీన్, ఒక పల్స్ ఆక్సీమీటర్, బరువు చూసే మెషీన్ కొనండి. ఎకో అయ్యాక రిపోర్టులో ఈఎఫ్, అంటే గుండె ఒక్కో కొట్టుకోవడంలో బయటికి నెట్టే రక్తం శాతం, ఎంతుందో, క్రియాటినిన్ ఎంతుందో ఇక్కడ రాస్తే మిగతాది మాట్లాడుకుందాం.